గీత పడనప్పుడు ఎక్కడ చూడాలి: డిజిటల్ చిత్రరచనలో లేయర్, రిజల్యూషన్, కలర్ మోడ్ చిక్కులు

(చిత్రకళా విద్యార్థుల కోసం చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

సభకు నమస్కారం.

కంప్యూటర్ మీదా, టాబ్లెట్ మీదా బొమ్మలు వేయడం మొదలుపెట్టినవారి నోట తరచుగా వినిపించే ఫిర్యాదులు మూడున్నాయి. బ్రష్ పనిచేయడం లేదన్నది ఒకటి. తెర మీద నున్నగా కనిపించిన బొమ్మ అచ్చులో మసకగా వచ్చిందన్నది మరొకటి. వేసిన రంగు వేరు, అచ్చయిన రంగు వేరు అన్నది మూడోది. ఈ మూడింటికీ చాలామంది ఒకే వైద్యం చేస్తారు. సాఫ్ట్‌వేర్‌ను మూసి తెరుస్తారు, అప్పటికీ కుదరకపోతే తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. సాఫ్ట్‌వేర్ నిజంగా చెడిపోయిన సందర్భాలు లేకపోలేదు కానీ, అవి అరుదు. ఎక్కువసార్లు ఫైల్ ఏ స్థితిలో ఉందో ఆ స్థితికి తగినట్టే సాఫ్ట్‌వేర్ ప్రవర్తిస్తూ ఉంటుంది, మనం ఆ స్థితిని చదవకుండా బ్రష్‌ను అనుమానిస్తూ ఉంటాం. అందుకే ఈ రోజు మరమ్మతు చిట్కాల కంటే ముందు ఫైల్‌ను చదవడం గురించి మాట్లాడదలచుకున్నాను.

ఫొటోషాప్‌లో బొమ్మ తెరవగానే పైన ట్యాబ్ మీద, ఫైల్ పేరు పక్కన ఒక చిన్న వరుస కనిపిస్తుంది. బొమ్మను ఎంత శాతంలో చూస్తున్నాం, ఏ లేయర్ మీద ఉన్నాం, ఏ కలర్ మోడ్‌లో ఉన్నాం, ఒక్కో చానల్‌కు ఎన్ని బిట్లు అన్న నాలుగు సంగతులూ అక్కడే రాసి ఉంటాయి. లేయర్ అంటే ఒకదాని మీద ఒకటి పేర్చే బొమ్మ పొర. కలర్ మోడ్ అంటే ఫైల్ రంగులను నమోదు చేసే పద్ధతి. చానల్ అంటే అందులో ఒక్కో మూలరంగు, దానికి ఎన్ని ఛాయలు ఉండగలవో బిట్ల లెక్క చెబుతుంది. బొమ్మలు గీసే మరో సాఫ్ట్‌వేర్ క్రీటాలో కిటికీ అడుగున ఉండే పట్టీలో కలర్ ప్రొఫైల్ (రంగుల అంకెలు ఏ రంగులుగా కనబడాలో చెప్పే వివరం) పేరు, బొమ్మ కొలతలు ఉంటాయి. ఐప్యాడ్ మీద గీసే ప్రోక్రియేట్‌లో యాక్షన్స్ మెనూలోని కాన్వాస్ విభాగంలో కాన్వాస్ ఇన్ఫర్మేషన్ అనే చోట కొలతలు, లేయర్ల లెక్క, కలర్ ప్రొఫైల్ దొరుకుతాయి. నేను చెప్పబోయే చిక్కుల్లో చాలావాటికి జవాబు ఈ చోట్లలోనే ఉంటుంది.

లేయర్ల సంగతి ముందు చూద్దాం. గీత గీస్తే ఏమీ పడటం లేదు. అప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న, నేను ఏ లేయర్ మీద ఉన్నాను అన్నది. కింది లేయర్ మీద గీస్తూ ఉంటే, పై లేయర్‌లో నిండా పరిచిన రంగు ఆ గీతను కప్పేస్తుంది, అంటే గీత పడింది కానీ మనకు కనిపించడం లేదు. లేయర్ పక్కనున్న కన్ను గుర్తు ఆరిపోయి ఉండవచ్చు, తాళం గుర్తు పడి ఉండవచ్చు. తాళాల్లో ఒకదాని గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పారదర్శక భాగాలకు మాత్రమే వేసే తాళాన్ని క్రీటాలోనూ ప్రోక్రియేట్‌లోనూ ఆల్ఫా లాక్ అంటారు. అది ఉన్నప్పుడు, అప్పటికే రంగున్న చోటనే కొత్త రంగు పడుతుంది. ఖాళీ లేయర్ మీద ఆ తాళం పడిందంటే ఎన్నిసార్లు గీసినా చుక్క కూడా పడదు. ప్రోక్రియేట్‌లో లేయర్ మీద రెండు వేళ్లతో కుడివైపు జరిపితే ఈ తాళం పడుతుంది కాబట్టి, తెలియకుండా వేయడం చాలా తేలిక. లేయర్ చిన్న బొమ్మ వెనక గళ్లు కనిపిస్తే తాళం పడిందని అర్థం.

లేయర్ సరిగ్గానే ఉంటే తరువాత అనుమానించవలసింది సెలక్షన్‌ను, అంటే పని అక్కడే జరగాలని బొమ్మలో ఎంచుకున్న భాగాన్ని. బొమ్మలో ఎక్కడో మూలన, తెరకు అవతల, నాలుగైదు పిక్సెళ్ల సెలక్షన్ పొరపాటున మిగిలిపోతే, బ్రష్ ఆ నాలుగైదు పిక్సెళ్లలో తప్ప ఇంకెక్కడా పనిచేయదు. ఫొటోషాప్‌లో కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే సెలక్షన్ చుట్టూ కదిలే గీతలు మాయమవుతాయి, సెలక్షన్ మాత్రం అలాగే ఉంటుంది. అలాంటప్పుడు కళ్లతో వెతికి ప్రయోజనం లేదు. కంట్రోల్, డి నొక్కి సెలక్షన్ తీసేసి చూడటమే మేలు. క్రీటాలో అదే పనికి కంట్రోల్, షిఫ్ట్, ఏ వాడాలి. క్రీటాలో మరో మలుపు కూడా ఉంది. కీబోర్డు మీద ‘ఇ’ అక్షరం నొక్కితే బ్రష్ ఇరేజర్‌గా మారుతుంది, మళ్లీ నొక్కేదాకా అలాగే ఉండిపోతుంది. ఏ బ్రష్ తీసుకున్నా చెరుపుతోందే తప్ప గీయడం లేదంటే కారణం దాదాపుగా అదే.

ఇక ఫొటోషాప్‌లో కొందరిని గంటల తరబడి ఏడిపించే లక్షణం ఒకటుంది. ఎర్ర రంగు ఎంచుకుంటే బూడిద రంగు వస్తుంది. ఆకుపచ్చ ఎంచుకున్నా బూడిదే. ఇక్కడ లక్షణం ఒకటే, కారణాలు మాత్రం రెండు. ఫైల్ గ్రేస్కేల్ అనే నలుపు తెలుపుల మోడ్‌లో ఉండి ఉండవచ్చు, లేదా మీరు లేయర్ మీద కాకుండా ఆ లేయర్‌కు తగిలించిన మాస్క్ మీద ఉండి ఉండవచ్చు. మాస్క్ అనేది లేయర్‌లో ఏ భాగం కనిపించాలి, ఏ భాగం దాగాలి అని నిర్ణయించే నలుపు తెలుపుల పటం, కాబట్టి దాని మీద రంగులకు చోటు లేదు. రెండింట్లో ఏదో తెలుసుకోవడానికి ట్యాబ్ మీది వరుస చాలు. అక్కడ ‘గ్రే/8’ అని ఉంటే ఇమేజ్ మెనూలోని మోడ్‌కు వెళ్లి ఆర్‌జీబీ, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలాల మోడ్ ఎంచుకోవాలి. ‘లేయర్ మాస్క్/8’ అని ఉంటే లేయర్ల పట్టికలో మాస్క్ బొమ్మను వదిలి, దాని పక్కనున్న లేయర్ బొమ్మ మీద నొక్కాలి. ఇలాంటిదే మరొకటి, ఏ రంగుతో గీసినా పలచని ఎరుపు పడటం. ‘క్యూ’ అక్షరం పొరపాటున నొక్కినందువల్ల సెలక్షన్‌ను ఎర్రపూతతో గీసుకునే క్విక్ మాస్క్ తెరుచుకుని ఉంటుంది. మళ్లీ అదే అక్షరం నొక్కితే సర్దుకుంటుంది.

చెరిపితే వెనకనున్నది కనిపించాలి కదా, తెల్లగా ఎందుకు మారుతోందని కొందరు అడుగుతారు. వారు బ్యాక్‌గ్రౌండ్ అనే పేరున్న లేయర్ మీద ఉంటారు. ఆ లేయర్‌కు పారదర్శకత ఉండదు, ఇరేజర్ అక్కడ బ్యాక్‌గ్రౌండ్ కలర్‌గా ఎంచుకుని ఉన్న రంగును పూస్తుంది. దాన్ని మామూలు లేయర్‌గా మారిస్తే సరిపోతుంది. జేపెగ్ ఫైల్ తెరిచి పనిచేసేవారికే ఈ ఇబ్బంది ఎక్కువ, ఎందుకంటే జేపెగ్‌లో లేయర్లూ నిలవవు, పారదర్శకతా నిలవదు.

కాగితం మీద ఇంకుతో గీసి, స్కాన్ చేసి, రంగులు కంప్యూటర్‌లో వేసేవారు మన దగ్గర ఇప్పటికీ చాలామంది ఉన్నారు, అది మంచి పద్ధతి కూడా. వారిలో కొందరు స్కాన్‌లోని తెలుపును, ఒకే రంగున్న చోటును ఎంచే మ్యాజిక్ వాండ్‌తో ఎంచి తీసేస్తారు. ఇంకు గీత అంచున నలుపుకూ తెలుపుకూ మధ్య బూడిద ఛాయలుంటాయి, అవి సగం తెగి సగం మిగిలిపోయి గీత చుట్టూ తెల్లని అంచు కడతాయి. తెలుపును తీయవలసిన అవసరమే లేదు. గీతల లేయర్‌ను పైన ఉంచి, దాని బ్లెండ్ మోడ్‌ను, అంటే కింది పొరతో కలిసే తీరును, మల్టిప్లైకి మార్చి, రంగులు కింది లేయర్‌లో వేస్తే తెలుపు తనంతట తానే కనిపించకుండా పోతుంది, గీత ఉన్నదున్నట్టు నిలుస్తుంది. రంగు నింపేటప్పుడు సెలక్షన్‌ను ఒకటి రెండు పిక్సెళ్లు పెంచి గీత కిందికి జొనిపితే మధ్యలో సందులు కూడా కనబడవు.

గ్రూపుల విషయంలో ఒక్క మాట. ఫొటోషాప్‌లో కొత్త గ్రూపు పాస్ త్రూ పద్ధతిలో పుడుతుంది, అంటే లోపలి లేయర్ల ప్రభావం గ్రూపు దాటి కిందికి పోతుంది. క్రీటాలో కొత్త గ్రూపు తనలో తానే ముడుచుకుని ఉంటుంది. ఒక దాంట్లో అలవాటైన చేతులు రెండో దాంట్లో పనిచేసినప్పుడు, నీడల లేయర్‌ను గ్రూపులో పెట్టగానే నీడలు మారిపోయాయేమిటని ఆశ్చర్యపోవడం అందువల్లనే.

లేయర్లు ఇంకా కావాలంటే సాఫ్ట్‌వేర్ ఇవ్వనంటుంది, లేదా చేతికి వెనకపడి గీత ఆలస్యంగా వస్తుంది. దీనికి లెక్క సులభం. ఏ4 కాగితానికి అంగుళానికి 300 పిక్సెళ్ల రిజల్యూషన్‌లో 2480 అడ్డం, 3508 నిలువు, అంటే సుమారు 87 లక్షల పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కు మూడు రంగులు, ఒక పారదర్శకత కలిపి నాలుగు బైట్లు. నిండా రంగున్న ఒక్క లేయర్‌కు సుమారు 35 మెగాబైట్ల మెమరీ కావాలి. 16 బిట్లకు వెళితే 70. అలాంటివి నలభై లేయర్లుంటే 8 బిట్లలోనే 1400 మెగాబైట్లు. ప్రోక్రియేట్ కాన్వాస్ పరిమాణాన్నీ, మీ ఐప్యాడ్ మెమరీనీ చూసి లేయర్ల సంఖ్యకు హద్దు పెట్టేది ఈ కారణంగానే. ఆ హద్దును తిట్టుకోవడం కన్నా, పని ముగిసిన లేయర్లను కలిపేస్తూ, కలపడానికి ముందు ఫైల్‌కు ఒక నకలు తీసి దాచుకోవడం తెలివైన పని.

ఇప్పుడు రిజల్యూషన్. ఇక్కడ జరిగే తికమకంతా ఒక్క చోటి నుంచే వస్తుంది. 300 అనే అంకెను బొమ్మ నాణ్యతగా భావిస్తారు. కాదు. మీ ఇంటి వాకిట్లో పదిహేను చుక్కల ముగ్గు వేస్తారనుకోండి. చుక్కల మధ్య జానెడు దూరం వదిలితే ముగ్గు వాకిలంతా పరుచుకుంటుంది, బెత్తెడు వదిలితే గుమ్మం ముందు ఇమిడిపోతుంది. దూరం మారింది, చుక్కలు మాత్రం పదిహేనే. పిక్సెళ్లు ఆ చుక్కలు. అంగుళానికి 300 అన్నది చుక్కల మధ్య దూరాన్ని చెప్పే మాట. ఫొటోషాప్‌లో ఇమేజ్ సైజ్ తెరిచి, రీశాంపుల్ అన్న గడి మీది టిక్ తీసేసి, 72ను 300గా మార్చి చూడండి. పిక్సెళ్ల లెక్క మారదు, అంగుళాల లెక్క తగ్గుతుంది. టిక్ ఉంచి మార్చారంటే సాఫ్ట్‌వేర్ లేని చుక్కలను పక్కవాటిని చూసి ఊహించి పుట్టిస్తుంది. ఆ ఊహే అచ్చులో మసకగా కనబడేది.

ఒక నిజమైన పని తీసుకుందాం. తెలుగు కథల పుస్తకాలు చాలావరకు డెమీ 1/8 సైజులో, అంటే ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తుతో వస్తాయి. ముఖచిత్రానికి కత్తిరింపు కోసం నాలుగు వైపులా అంగుళంలో ఎనిమిదో వంతు చొప్పున వదిలితే 5.75, 8.75 అంగుళాలు అవుతుంది. 300తో గుణిస్తే 1725, 2625 పిక్సెళ్లు. ఇన్‌స్టాగ్రామ్ కోసం 1080 పిక్సెళ్ల చదరంలో వేసిన బొమ్మను రచయిత చూసి ముచ్చటపడి, ఇదే ముఖచిత్రంగా కావాలన్నారనుకోండి. ఆ బొమ్మ 300 దగ్గర మూడున్నర అంగుళాలు దాటి కాస్త వరకే వస్తుంది. ముఖచిత్రం ఎత్తుకు సాగదీస్తే అంగుళానికి 123 పిక్సెళ్లు మాత్రమే మిగులుతాయి. పైగా అది వాట్సాప్‌లో మామూలు ఫొటోగా ప్రయాణించి ఉంటే ఆ 1080లోనూ సూక్ష్మ వివరం కొంత కుదింపులో నలిగిపోయి ఉంటుంది. దయచేసి బొమ్మల ఫైళ్లను వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గానే పంపండి. అడిగిన బొమ్మను పెద్ద కాన్వాస్ మీద, పాతదాన్ని కింద మసకగా ఉంచుకుని, మళ్లీ గీయడమే ఇక్కడ అసలైన పరిష్కారం. అది కష్టమే కానీ, రెండోసారి గీసిన గీత తరచుగా మొదటిదానికన్నా నిబ్బరంగా వస్తుంది.

అన్నిటికీ 300 కావాలా అంటే, అక్కరలేదు. ఆఫ్‌సెట్ అచ్చులో రంగు ఛాయలు చిన్న చిన్న చుక్కల జాలీగా పడతాయి. మంచి ఆర్ట్ పేపర్ మీద ఆ జాలీ అంగుళానికి 150 వరుసలుగా ఉంటుంది, దానికి రెట్టింపుగా 300 వచ్చింది. న్యూస్‌ప్రింట్ మీద 85 నుంచి 100 వరుసలు ఉంటాయి కాబట్టి 200 సరిపోతుంది. రంగు ఛాయలు లేని శుద్ధ నలుపు గీతల బొమ్మకు లెక్క తలకిందులు. దానికి జాలీ లేదు, గీత అంచే సర్వస్వం, కనుక 600 నుంచి 1200 దాకా ఉండాలి. జింకు బ్లాకుల కాలంలో పత్రికలకు బొమ్మలు వేసిన మన చిత్రకారులకు ఈ భేదం కంఠతా వచ్చు. గీతల బొమ్మకు లైన్ బ్లాక్, ఛాయల బొమ్మకు హాఫ్‌టోన్ బ్లాక్ అని బ్లాకు తయారీ వేరువేరుగా ఉండేది, ఏది చేయిస్తారో తెలుసుకునే వారు కుంచె ముంచేవారు. ఆ వివేకం మనకు ఇప్పుడు ఇంకా ఎక్కువ కావాలి.

చిన్నవి రెండు చెప్పి ముందుకు పోతాను. ఇమేజ్ సైజ్ బొమ్మను సాగదీస్తుంది, కాన్వాస్ సైజ్ బొమ్మ చుట్టూ చోటును పెంచుతుంది. క్రీటాలో వీటి పేర్లు స్కేల్ ఇమేజ్ టు న్యూ సైజ్, రీసైజ్ కాన్వాస్. అలాగే 33 శాతంలోనో 67 శాతంలోనో చూస్తూ గీతలు విరిగాయని కంగారు పడకండి. 100 శాతానికి తెచ్చి చూసిన తరువాతే తీర్పు చెప్పండి.

చివరిది, నా దృష్టిలో అన్నిటికన్నా బాధ కలిగించేది, రంగు. తెర వెలుగుతో రంగులు చూపుతుంది, అచ్చు ఇంకుతో చూపుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులు కలిపి చూపగల రంగులు కొన్నింటిని సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం), మజెంటా (గులాబీ ఎరుపు), పసుపు, నలుపు ఇంకులు ఏ పాళ్లలో కలిపినా తేలేవు. పసుపూ కుంకుమా అచ్చులో చాలావరకు నిలబడతాయి. చిలకపచ్చా నెమలికంఠం రంగూ చల్లబడిపోతాయి. దేవుళ్ల బొమ్మలతో క్యాలెండర్లు వేసేవారికి ఇది ప్రాణసంకటం. తెర మీద కృష్ణుడికి నిండు నీలం, అంటే ఎరుపు 0, ఆకుపచ్చ 0, నీలం 255 పూశారనుకోండి. ఫొటోషాప్‌తో పాటు వచ్చే అమెరికన్ ఆఫ్‌సెట్ ప్రొఫైల్‌లో దాన్ని సీఎంవైకేకి, అంటే ఆ నాలుగు ఇంకుల మోడ్‌కు మారిస్తే సయాన్ 88 శాతం, మజెంటా 77 శాతం అవుతుంది. మజెంటా అంత దగ్గరగా ఉన్నందువల్ల స్వామి ఊదారంగులోకి జారిపోతాడు. మార్చిన తరువాత మజెంటాను తగ్గించి, సయాన్‌ను పైకి తేవడం ఒక మార్గం. గీసేటప్పుడే ప్రూఫ్ చూపును వేసుకుని, అచ్చుకు దొరికే నీలాల్లోంచి ఎంచుకోవడం అంతకన్నా మంచి మార్గం. ఫొటోషాప్‌లోనూ క్రీటాలోనూ కంట్రోల్, వై నొక్కితే ఆ చూపు వస్తుంది. ఫైల్ ఆర్‌జీబీలోనే ఉంటుంది, కళ్లకు మాత్రం అచ్చు ఎలా ఉండబోతుందో కనిపిస్తుంది.

అలాగైతే మొదటి నుంచీ సీఎంవైకేలోనే గీస్తే పోదా అని అడగవచ్చు. ప్రోక్రియేట్ ఆ అవకాశం ఇస్తుంది కానీ, కాన్వాస్ పుట్టేటప్పుడే ఎంచుకోవాలి, తరువాత ఆర్‌జీబీ నుంచి సీఎంవైకేకి మార్చుకోలేరు. ఫొటోషాప్‌లో సీఎంవైకేకి వెళితే ఫిల్టర్ గ్యాలరీ లాంటివి పనిచేయవు. నేనైతే ఆర్‌జీబీలో గీసి, అసలు ఫైల్‌ను ముట్టుకోకుండా, నకలునే మార్చమంటాను. ఒకసారి సీఎంవైకేకి వెళ్లిన రంగు తిరిగి ఆర్‌జీబీకి తెచ్చినా పాత మెరుపు రాదు. మార్చేముందు ఆ నకలులో లేయర్లను కలిపేయడం కూడా అవసరం. మల్టిప్లై, ఓవర్‌లే వంటి బ్లెండ్ మోడ్‌లు ఏ మోడ్‌లో ఉంటే ఆ అంకెలతో లెక్క కడతాయి, లేయర్లు విడిగా ఉంచి మారిస్తే లెక్క మారి నీడలన్నీ మారతాయి.

నలుపు గురించి కూడా చెప్పాలి. తెర మీది శుద్ధ నలుపు అదే ప్రొఫైల్‌లో సయాన్ 75, మజెంటా 68, పసుపు 67, నలుపు 90గా మారుతుంది. మొత్తం 300 శాతం ఇంకు. న్యూస్‌ప్రింట్ 240 శాతం దాటితే తట్టుకోలేదు, ఇంకు ఆరక వెనక పేజీకి అంటుతుంది. సన్నని గీతలైతే ఇంకో ముప్పు ఉంది. ఒక్కో ఇంకుకు ఒకటిగా ఉండే నాలుగు అచ్చు ప్లేట్లలో ఒకటి వెంట్రుకవాసి పక్కకు జరిగినా గీత పక్కన ఎర్రని, నీలి అంచు కనిపిస్తుంది. కాబట్టి గీతలు తెలుపు లేని పారదర్శక లేయర్ మీద ఉంటే, ఆ లేయర్‌ను మాత్రం కలపకుండా విడిగా ఉంచి, మార్చిన తరువాత దాని పారదర్శకతకు తాళం వేసి, మిగతా మూడూ సున్నాగా, నలుపు 100గా నింపి, మల్టిప్లైలో పెట్టండి. గీత ఒకే ప్లేటు మీద పడుతుంది, కింది రంగు దాని అడుగున కొనసాగుతుంది.

ప్రొఫైల్ అన్న మాట వచ్చింది కాబట్టి ఒక భేదం గుర్తుంచుకోండి. అసైన్ ప్రొఫైల్ అంకెలను అలాగే ఉంచి రంగు కనబడే తీరును మారుస్తుంది. కన్వర్ట్ టు ప్రొఫైల్ కనబడే తీరును వీలైనంత కాపాడి అంకెలను మారుస్తుంది. ట్యాబ్ మీది వరుసలో మోడ్ పక్కన హాష్ గుర్తు ఉంటే ఆ ఫైల్‌కు ప్రొఫైల్ లేదని అర్థం. ఇంటర్నెట్ కోసం ఇచ్చే బొమ్మను అక్కడ మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీ ప్రొఫైల్‌కు కన్వర్ట్ చేసి, ప్రొఫైల్‌ను ఫైల్‌లోనే పొదిగి ఇస్తే ఒక ఫోన్‌లో ఒకలా, ఇంకో ఫోన్‌లో ఇంకోలా కనబడే బాధ చాలావరకు తగ్గుతుంది. ఇక జిఫ్ ఫైల్ తెరిచినప్పుడు కొత్త లేయర్ రాకపోతే, ఉన్న ఒక్క లేయర్‌కు ఇండెక్స్ అన్న పేరుంటే, అది గరిష్ఠంగా 256 రంగుల పట్టికతో నడిచే ఇండెక్స్‌డ్ కలర్ మోడ్. ఆర్‌జీబీకి మార్చగానే లేయర్లు తెరుచుకుంటాయి.

మీ ప్రశ్నలు అడగండి.

(సభలోంచి ప్రశ్న: ఆకాశం వంటి మెత్తని ఛాయల్లో పట్టీలు పట్టీలుగా గీతలు వస్తున్నాయండి. రిజల్యూషన్ పెంచినా పోవడం లేదు.)

పోదమ్మా, అది రిజల్యూషన్ దోషం కాదు. 8 బిట్లలో ఒక్కో చానల్‌కు 256 మెట్లే ఉంటాయి. ఆకాశం లేత నీలం నుంచి ఇంకాస్త లేత నీలానికి మారేటప్పుడు అందులో ముప్పయ్యో నలభయ్యో మెట్లు మాత్రమే వాడుకలోకి వస్తాయి, అవి పేజీ పొడవునా పరుచుకుంటే ఒక్కో మెట్టూ పట్టీగా కనబడుతుంది. 16 బిట్లలో ఆ ఛాయ వేసుకోండి, లేదా దాని మీద కంటికి తెలియనంత సన్నని నాయిస్, అంటే చిన్న చుక్కల గరుకు, చల్లండి. అచ్చులో నాయిస్ కనబడదు, పట్టీలు కలిసిపోతాయి.

(ప్రశ్న: మా ఊళ్లో ఫ్లెక్సీలకు బొమ్మలు వేస్తుంటాను సార్. ఇరవై అడుగులు, పది అడుగుల ఫ్లెక్సీని 300లో చేయబోతే ఫైల్ సేవ్ కావడం లేదు.)

లెక్క వేయండి బాబూ. ఇరవై అడుగులంటే 240 అంగుళాలు, 300తో గుణిస్తే 72,000 పిక్సెళ్లు. ఫొటోషాప్ సొంత రకమైన పీఎస్‌డీ ఫైల్ ఏ పక్కకైనా 30,000 పిక్సెళ్లు దాటదు. అంతకు మించితే పెద్ద బొమ్మల కోసం ఉన్న పీఎస్‌బీ రకంగా సేవ్ చేయాలి. కానీ మీకు ఆ అవసరమే లేదు. ఫ్లెక్సీని జనం రోడ్డు అవతలి నుంచి చూస్తారు, చేతిలో పట్టుకుని చూడరు. 72 దగ్గర 17,280, 8,640 పిక్సెళ్లు చాలు, అది కూడా మీ కంప్యూటర్‌కు బరువనిపిస్తే సగం కొలతల్లో, అంటే పది అడుగులకు ఐదు అడుగులుగా అదే 72లో గీసి, రెట్టింపు చేసి వేయమని ప్రింటర్‌కు ముందే చెప్పండి. ముఖాలు మాత్రం పెద్దగా, పదునుగా గీయండి, చూపు ముందు అక్కడికే పోతుంది. ఇచ్చేటప్పుడు లేయర్లు కలిపిన సీఎంవైకే టిఫ్ ఫైల్ ఇవ్వండి. ఎరుపు పక్కన నీలం అక్షరాలుంటే ఒక అడుగు ముక్క ముందుగా వేయించి చూసుకోండి, ఎందుకంటే ఒక్కో దుకాణంలో మెషీనూ ఇంకూ వేరు, ఏ ప్రొఫైల్ పెట్టుకున్నారో వాళ్లను అడిగితేనే తెలుస్తుంది.